గోడ ఫ్యాను కింది కుర్చీ

చావింట్లో నవ్వకూడదని నాకూ తెలుసు. అయినా నవ్వాను. చిన్నగా నవ్వి సర్దుకున్నదీ కాదు, వంటింట్లో ఉన్న ఆడవాళ్ళు తొంగిచూసేంత నవ్వు.

అశోక్‌నగర్‌లో రెండో అంతస్తు వాటా అది. సెక్రటరీ గారు పోయి పదో రోజు. ఫోటోకు దండ వేసి, దీపం పెట్టి, కింద చాపలు పరిచారు. నిన్నటిదాకా మా సంగీత సభకు కోశాధికారిగా ఉండి ఇప్పుడు కొత్త సెక్రటరీ అయినాయన వచ్చాడు. ఫోటో ముందు కాసేపు తల వంచుకుని నిలబడ్డాడు. ఇచ్చిన కాఫీ తాగాడు. తర్వాత సెక్రటరీ గారి కూతురి వైపు తిరిగి గొంతు తగ్గించి అన్నాడు:

"మూడో వరసలో, గోడ ఫ్యాను కింద కూర్చునేవారమ్మా. కళ్ళు మూసుకుని, తల ఇలా ఊపుతూ. అంతటి రసికుణ్ణి నేనింకొకర్ని చూడలేదు."

నాకు నవ్వొచ్చింది అక్కడే. ఆ మాట నేను చాలా ఇళ్ళలో, చాలా ఫోటోల ముందు విన్నాను. దాన్ని కనిపెట్టిన మనిషే ఇప్పుడు ఫోటోలో ఉన్నారు. ఆయన మాట తెచ్చి ఆయన మీదే వేస్తున్నాడు ఈయన, ఒక్క అక్షరం మార్చకుండా.

ఎందుకు నవ్వావని అందరూ కళ్ళతో అడిగారు. సెక్రటరీ గారి భార్య నోటితోనే అడిగింది. ఆమెకు నేను చెప్పిన జవాబు, ఆమె చేసిన పని చివర రాస్తాను. ఆయన సంగతి ముందు తెలిస్తేగానీ అది అర్థం కాదు.

నేను చిక్కడపల్లి స్టాండులో ఆటో నడిపినవాణ్ణి. ఆయన మొదటిసారి నా ఆటో ఎక్కింది రెండువేల తొమ్మిదిలో. గవర్నమెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. గుంటూరు వైపు మనిషి. ఈ ఊరొచ్చి ఒక జీవితం గడిచినా ఆ మాట తీరు పోలేదు. తెల్ల చొక్కా, ఎండైనా వానైనా చేతిలో గొడుగు. సీటుకు వెనక్కి ఆనుకుని కూర్చోగా నేను చూడలేదు. ఒక కాలు లోపల, ఇంకో కాలు దిగడానికి సిద్ధంగా బయట. గొడుగు కొసతో నా సీటు వెనక ఒకసారి పొడిస్తే మెల్లగా పొమ్మని, రెండుసార్లు పొడిస్తే ఆపమని. నా ఆటో సీటుకు పడ్డ చిల్లులన్నీ ఆయనవే.

మా చిక్కడపల్లి హాల్లో ఏటా చలికాలంలో ఐదు సాయంత్రాలు సంగీతోత్సవం జరిగేది. పాట, వీణ, వయొలిన్, ఒకరోజు వేణువు. టికెట్ లేదు. బజారుకొచ్చినవాడు సంచీతో సహా లోపలికొచ్చి కూర్చోవచ్చు. టికెట్ పెడదామని కమిటీలో ఏటా ఎవరో ఒకరు అనడం, ఈయన గొడుగు నేలకేసి కొట్టడం మామూలు.

"తలుపు దగ్గర చెయ్యి చాపితే లోపలికొచ్చినవాడు పాట వినడు. పెట్టిన డబ్బుకి గిట్టుబాటయిందా లేదా అని చూస్తాడు" అనేవారు.

టికెట్ లేకుంటే హాలు కిరాయి, మైకు, పాడేవాళ్ళ రైలు ఖర్చులు ఎక్కడినుంచి రావాలి? చందాలు రావాలి. ఆ చందాల కోసం తిరగడానికే నా ఆటో.

ఒకసారి అడిగాను. "ఎందుకు సార్ మీకు గింత పరేషాను? ఇంట్ల కూసుంటే అయిపాయె."

"ముందున్న సెక్రటరీ నా చేతిలో ఆఫీసు గది తాళంచెవి పెట్టి, రెండ్రోజుల్లో వస్తానని ఊరెళ్ళాడయ్యా" అన్నారు.

"వచ్చిండా?"

"ఇంకా రాలేదు. పద్దెనిమిదేళ్ళయింది."

ఆయన చెప్పిన కారణం అదొక్కటే. సంగీతం మీద ప్రేమ అనీ, సంస్కృతి అనీ నాతో ఎప్పుడూ అనలేదు. ఆయనకు రాగం పేరు ఒక్కటి తెలియదు. పాటను గుర్తుపట్టేది చందాతో. నారాయణగూడ మార్కెట్ దగ్గర ఏ దుకాణంలోనో రేడియోలో పాట వస్తుంటే చెవి ఒగ్గి, "ఇది మన హైదర్‌గూడ డాక్టరు గారి పాట" అనేవారు. డాక్టరు గారు పాడింది కాదు, రాసింది కాదు. ఆయన పేరున జరిగిన సాయంత్రం ఎవరో పాడింది.

ఇప్పుడు ఆ పేర్ల సంగతి. మా సభలో ప్రతి సాయంత్రం ఒకరి పేరున జరగాలి. ఫలానా వారి స్మారక కచేరీ అని బ్యానరు కడతారు. వేదిక మీద ఒక పక్క ఆయన ఫోటో, దానికి దండ, ముందు దీపం. ఆ సాయంత్రం ఖర్చు ఆ ఇంటివాళ్ళది. ఐదు సాయంత్రాలకు ఐదు పేర్లు. అంటే ఏటా ఐదిళ్ళవాళ్ళు ఒప్పుకోవాలి.

బతికున్నవాళ్ళ డబ్బుతో నడపాలని కూడా ఒక ఏడు చూశారు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ సెంటర్ నడిపే ఒకాయన ఒక సాయంత్రం ఖర్చు నాదే అన్నాడు. మైకులో రెండు ముక్కలు మాట్లాడతానన్నాడు, అంతే. ఆ రోజు హాస్టళ్ళలో ఉండి చదివే పిల్లలను బస్సులో తీసుకొచ్చి హాలు నింపాడు. వేదిక మీద పాడే ఆమె తంబూరా పట్టుకుని కూర్చుంది. కోచింగ్ ఆయన మైకు పట్టుకున్నాడు. సంగీతంతో మొదలుపెట్టి రాజ్యాంగంలోకి పోయాడు, అక్కడినుంచి నదీజలాల్లోకి దిగాడు. పిల్లలు ఒళ్ళో నోట్సులు పెట్టుకుని రాసుకుంటున్నారు. ఆయన ముగించాక ఒకడు లేచి, "సార్, ఇది పరీక్షల వస్తదా?" అని అడిగాడు. పాడే ఆమె ఒక్క పాట పాడి మంగళం పలికి రైలెక్కింది.

మర్నాడు ఆటోలో సెక్రటరీ గారు ఫ్లైఓవర్ దిగాక అన్నారు: "బతికున్నవాళ్ళు మైకు అడుగుతారయ్యా. పోయినవాళ్ళు అడగరు."

ఆ రోజునుంచి మళ్ళీ పోయినవాళ్ళే.

ఎవరు పోయారో తెలియడానికి పేపరు చూసేవారు. పేపరుకంటే నన్ను నమ్మేవారు. పొద్దున ఆటో ఎక్కగానే అడిగేది ఒకటే.

"ఏమయ్యా, ఎక్కడైనా టెంటు కనిపించిందా?"

"విద్యానగర్ల ఒకటి ఏసిన్రు సార్. పెద్ద టెంటే."

"కుర్చీలు ఉత్త ప్లాస్టిక్‌వా, గుడ్డ తొడుగులున్నాయా?"

"తొడుగులున్నయ్."

"అయితే పదో రోజు ఎప్పుడో కనుక్కో."

పదో రోజే ఎందుకని అడిగితే ఆయన దగ్గర లెక్క ఉంది. అంతకుముందు పోతే ఏడుపు. ఆ తర్వాత పోతే ఆస్తి లెక్కలు. పదో రోజు ఒక్కటే మనది. అన్నదమ్ములంతా ఒకచోట ఉంటారు, తండ్రి మీద ప్రేమ ఎవరికి తక్కువో తేలకుండా ప్రతివాడూ జాగ్రత్తగా ఉంటాడు. అప్పుడు ఒకడు ఊ అంటే రెండోవాడు ఉహూ అనలేడు.

నాకు అక్షరాలు నేర్పిందీ ఈ పని కోసమే. దయ అనుకునేరు, అవసరం. గేటు మీద పేరు చదవలేక నేను ఒకసారి ఆయన్ని పెళ్ళింట్లో దింపాను. షామియానా షామియానాలాగే ఉంటుంది కదా. ఈయన దిగులు మొహం పెట్టుకుని లోపలికి పోయి, పెళ్ళికూతురి తండ్రి చేయి పట్టుకుని, "జరగాల్సింది జరిగింది, ధైర్యంగా ఉండాలి" అన్నారు. ఆ పెద్దమనిషి కళ్ళు తుడుచుకుని అవునన్నాడట. బయటికొచ్చాక, రేపటినుంచి నువ్వు చదువుకోవాలి అన్నారు. నారాయణగూడ చౌరస్తాలో రెడ్ లైట్ పడినప్పుడల్లా గొడుగు కొసతో దుకాణం బోర్డులు చూపించి చదివించేవారు. పచ్చ లైటు పడ్డాక కూడా ఒత్తు పలికేదాకా కదలనిచ్చేవారు కాదు. వెనక బస్సువాళ్ళు తిట్టిన తిట్లతో కలిపి నేర్చుకున్నాను నేను.

ఆయన ఇళ్ళలో మాట్లాడే తీరు చూడాలంటే విద్యానగర్ ఇంజినీరు గారి ఇల్లు చాలు. గుడ్డ తొడుగుల టెంటు అదే. ఇంజినీరు గారి కొడుకు పుణేలో ఉద్యోగం, కూతురు ఇక్కడే కాలేజీలో లెక్చరరు. ఇంజినీరు గారి భార్య, డెబ్బై దాటిన మనిషి, ఒక మూల కుర్చీలో కూర్చుని ఉంది. నేను గుమ్మం పక్కన నిలబడ్డాను. సెక్రటరీ గారు ఫోటోను చాలాసేపు చూశారు, పాత స్నేహితుణ్ణి చూసినట్టు. తర్వాత మొదలుపెట్టారు.

"మూడో వరసలో, గోడ ఫ్యాను కింద కూర్చునేవారు. కళ్ళు మూసుకుని, తల ఇలా ఊపుతూ."

"మా నాన్నా?" అన్నాడు కొడుకు. "సంగీతమా? ఇంట్లో రేడియో కూడా పెట్టనిచ్చేవారు కాదండీ."

"ఇంట్లో పెడితే పిల్లల చదువు పాడవుతుందని హాలుకొచ్చి వినేవారు బాబూ."

కొడుకు అక్క వైపు చూశాడు. "సాయంత్రం పూట నడకకి వెళ్ళేవారు కదక్కా."

"ఆ నడకేనండీ" అన్నారు సెక్రటరీ గారు.

అంతే. ఇక ఆయన మాట్లాడాల్సిన పని లేకపోయింది. కొడుక్కి తండ్రి పళ్ళెం అంచు మీద వేళ్ళతో కొట్టడం గుర్తొచ్చింది. కూతురికి తన చిన్నప్పుడు జ్వరం వస్తే ఆయన ఏదో కూనిరాగం తీసినట్టు గుర్తొచ్చింది. రేడియో కట్టేసిన మనిషి అరగంటలో రసికుడైపోయాడు. ఇద్దరూ ఏడ్చారు. ఏటా ఒక సాయంత్రం నాన్న పేరున చేయిస్తామన్నారు. ఇంజినీరు గారి భార్య మాత్రం ఏడవలేదు. సెక్రటరీ గారినే చూస్తూ కూర్చుంది. మేం లేచాక అడిగింది.

"ఏ వరస అన్నారు?"

"మూడోదమ్మా."

"నేనూ వస్తాను. చూపించండి."

తిరిగి వస్తూ నేను ఊరుకోలేదు. నా నోరు అట్లాంటిది. "సార్, గిది అబద్ధం కాదా?"

ఆయన గొడుగును ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని ఆలోచించారు. "నేను చెప్పింది అబద్ధమేనయ్యా. వాళ్ళకి గుర్తొచ్చింది అబద్ధం కాదుగా."

"గా కుర్చీనే ఎందుకు చెప్తరు అందరికి?"

"ఆ ఫ్యాను తిరగదు. ఆ కుర్చీలో ఎవడూ కూర్చోడు. ఖాళీ కుర్చీ అయితే ఇది నాదని అడగడానికి బతికున్నవాడు రాడు."

చలికాలం వచ్చింది. ఇంజినీరు గారి భార్య వచ్చింది. తన భర్త పేరున జరిగే ఒక్క సాయంత్రానికి కాదు, ఐదు సాయంత్రాలూ వచ్చింది. కొడుకు పుణే నుంచి ఫోన్ చేసి, అమ్మను నాన్న కుర్చీలో కూర్చోబెట్టావా అని అక్కను అడిగేవాడట. రెండో ఏడు ఆమె హాలు వాచ్‌మన్‌ను పిలిచి, తిట్టి, ఆ ఫ్యాను బాగుచేయించుకుంది. అప్పుడే సెక్రటరీ గారు జాగ్రత్తపడాల్సింది.

ఆ ఏళ్ళలో చందాలు కష్టమయ్యాయి. ఇవాళ బందు, రేపు రాస్తారోకో. నేను మా తెలంగాణ రావాలంటాను, ఆయన రాకూడదంటారు. ఆటోలో రోజూ పంచాయితీ. ఒకసారి విసుగొచ్చి, "సరే వచ్చిందయ్యా మీ రాష్ట్రం. అప్పుడు నా సభకి చందా ఎవడిస్తాడు?" అన్నారు.

"మా తానకూడ మనుషులు చస్తరు సార్" అన్నాను.

ఆయన నవ్వి నవ్వి గొడుగు కింద పడేసుకున్నారు. నేనన్నదాంట్లో తప్పేమీ లేదు. మరుసటి ఏడే నారాయణగూడలో బట్టల దుకాణం పెద్దాయన పోయాడు. మాది వరంగల్ దిక్కయితే వాళ్ళది నల్లగొండ దిక్కు. టెంటుకు తొడుగులే కాదు, కూలర్లు కూడా పెట్టారు. ఇంటికి పోయే దారిలో నేను ముందే చెప్పాను.

"సార్, గా కుర్చీల అమ్మ కూసుంటున్నది. ఈయనకు జర వేరే కుర్చీ చెప్పరాదున్రి."

"అలాగేనయ్యా, ఐదో వరస అంటాను" అన్నారు. లోపలికి పోయారు, ఫోటో చూశారు, నోరు తెరిచారు. మూడో వరస, గోడ ఫ్యాను కింద. బయటికొచ్చి తల పట్టుకున్నారు. "అలవాటైన కుర్చీ. నోరు అక్కడికే పోయింది."

పెద్దాయన కొడుకు, ఇప్పుడు దుకాణం చూసేవాడు, మొదట నమ్మలేదు. "మా నాయిన దుకాణం ఇడిసి ఏడికి పోలే సార్. గల్లాపెట్టె మీద ఏళ్ళతోని కొట్టుకుంట కూసుంటుండె, అంతే" అన్నాడు. "అది తాళం బాబూ" అన్నారు సెక్రటరీ గారు. గల్లాపెట్టెను తీసేసి కొత్తది పెట్టాలనుకున్నవాడు ఆ మాటతో పాతదే ఉంచుకున్నాడు. తానున్నన్ని రోజులు ఏటా ఒక సాయంత్రం ఖర్చు తనదేనన్నాడు. ఆ ఏడు ఇంకో రెండిళ్ళవాళ్ళు తప్పుకున్నారు. ఇతని మాట మీదే సెక్రటరీ గారు వచ్చే ఏటికి కూడా హాలు మాట్లాడుకున్నారు. "ఇతను నిలబడితే ఉత్సవం నిలబడుతుంది. ఒక్క ఏడు ఆగిందా, ఇక లేవదయ్యా. పోతున్న ఆటోలో పెట్రోలైపోతే తోయొచ్చు, జనానికి అలవాటు తప్పితే తోయలేం" అన్నారు. ఇంతకంటే పెద్ద మాట ఆయన ఉత్సవం గురించి అనగా నేను వినలేదు.

ఆ చలికాలం, దుకాణం పెద్దాయన పేరున జరిగే సాయంత్రం. వేదిక మీద ఒకామె పాడుతోంది. ఎప్పటిలాగే సెక్రటరీ గారు బయట వరండాలో ఉన్నారు. తంబూరా మోగగానే ఆయన బయటికొచ్చేస్తారు. లోపల కూర్చుంటే వచ్చే ఏడాది సంగతి ఎవరు చూస్తారని ఆయన వాదన. వరండా చివర చిన్న గదిలో ఆయన భార్య స్టవ్వు ముందు ఉంది. హోటలు ఖర్చు కలిసొస్తుందని, పాడేవాళ్ళకు ఇడ్లీలు, కాఫీ ఏటా ఐదు రోజులూ ఆమె చేతే చేయించేవారు. నేను తలుపు దగ్గర నిలబడి వింటున్నాను.

దుకాణం ఆయన భార్యతో, చెల్లెళ్ళతో, పెద్ద బంతిపూల దండతో మూడో వరసకు వచ్చాడు. కుర్చీలో ఇంజినీరు గారి భార్య కూర్చుని ఉంది.

"అమ్మా, జర లేస్తరా? మా నాయిన కుర్చీ ఇది. దండ ఏసుకోవాలె."

"మీ నాన్నగారిదా?"

"ఔ. మూడో వరస, గోడ ఫ్యాను కింద. ఏండ్ల సంది ఈడ్నే కూసుంటుండె."

"ఇది మా ఆయన కుర్చీ బాబూ."

వెనక వరసలోంచి కళ్ళద్దాల మనిషి ఒకాయన లేచాడు. "ఏమీ అనుకోకండి. మా బాబాయిగారు కూడా ఇక్కడే కూర్చునేవారని..."

దుకాణం ఆయన దండ పట్టుకునే వెనక్కి తిరిగాడు. "ఇంకెవలన్న ఉన్నరా?"

ఇంకో రెండు చేతులు లేచాయి.

వేదిక మీద పాడే ఆమె, తన పాట కోసమే జనం కుర్చీలకు కొట్లాడుకుంటున్నారనుకుని ఇంకాస్త హుషారుగా రాగం ఎత్తుకుంది. నేను వరండాలోకి పోయి ఆయన్ని లాక్కొచ్చాను. కచేరీ జరుగుతుంటే ఆయన హాల్లో అడుగుపెట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"సార్, మీరే చెప్పున్రి. ఈ కుర్చీల కూసున్నది ఎవలు?" అన్నాడు దుకాణం ఆయన. "అందరి నాయినలు ఒక్క కుర్చీల ఎట్ల కూసుంటరు? ఇది మోసమైతే వచ్చే ఏడు సంది మాకొద్దు."

సెక్రటరీ గారు నోరు తెరిచారు. ఎన్నో ఇళ్ళలో తడుముకోకుండా మాట్లాడిన మనిషి. ఈసారి చెయ్యి గొడుగు బటన్ మీద పడి హాలు మధ్యలో గొడుగు విచ్చుకుంది. దాన్ని మూయాలని కూడా ఆయనకు తోచలేదు. ఇంజినీరు గారి కూతురు తల్లి పక్కన నిలబడి ఆయన్ని చూస్తోంది. ఆయన ఉత్సవం అక్కడ, ఆ గొడుగు కింద ఆగిపోయేటట్టు ఉంది.

అప్పుడు కుర్చీలో ఉన్న ఆమె మాట్లాడింది.

"మీ నాన్నగారు బట్టల దుకాణం ఆయనేనా బాబూ? గల్లాపెట్టె మీద తాళం వేసేవారు?"

గల్లాపెట్టె సంగతి ఇందాక సెక్రటరీ గారే వేదిక మీద నాలుగు మాటలు చెప్తూ అన్నారు. ఆమె అక్కడే విన్నది. దుకాణం ఆయనకు ఆ ధ్యాస లేదు.

"ఔనమ్మా."

"మా ఆయన చెప్పేవారు. ఇద్దరూ దీంట్లోనే కూర్చునేవారట. సగం కచేరీ మీ నాన్నగారు, సగం ఈయన. మధ్యలో లేచి చోటిచ్చేవారట. ఐదు రోజులు కదా, మిగతా వాళ్ళు మిగతా రోజులు."

"నీకెప్పుడు చెప్పారమ్మా?" అంది కూతురు.

"నీకన్నీ చెప్తారా ఏంటి?"

దుకాణం ఆయన మొహం మారిపోయింది. "మా నాయినకు దోస్తు ఉండెనా?" అన్నాడు మెల్లగా. "ఇంట్ల ఎవలతోని రెండు మాటలు మాట్లాడకపోతుండె." దండను ఫ్యానుకు వేయబోతే నేనే ఆపాను. చివరికి కుర్చీ వెనక్కి వేశారు. కచేరీ అయ్యేదాకా ఇంజినీరు గారి భార్య పూలు నలగకుండా ముందుకు వంగి కూర్చుని విన్నది.

విరామంలో ఇంజినీరు గారి భార్య కాఫీ కోసం వరండాలోకి వచ్చింది. సెక్రటరీ గారు చేతులు జోడించారు. గొడుగు అప్పటికీ మూయలేదు.

"అమ్మా, నన్ను క్షమించాలి. ఇంజినీరు గారు..."

"ఆయన ఏనాడూ ఈ హాలు మొహం చూడలేదు" అందామె. "నాకు మొదటి రోజే తెలుసు. ఆ నడక పాలబూత్ దాకా. ఆరయ్యేసరికి ఇంట్లో ఉండాలి, ఉప్మా వేడిగా ఉండాలి. పాట వినాలని ఉన్నది నాకు. పెళ్ళయిన కాడ్నించీ ఉంది. నాకని అడిగితే ఈ వయసులో నీకెందుకమ్మా అంటారు పిల్లలు. నాన్న కుర్చీ అంటే ఆటో పిలిచి మరీ పంపిస్తున్నారు. మీరిప్పుడు నిజం చెప్పి నా కుర్చీ తీసేయకండి."

కాఫీ గ్లాసు అందించింది సెక్రటరీ గారి భార్య. గది గుమ్మంలో నిలబడి అంతా విన్నది. లోపలికి పోయి ఇడ్లీ పాత్ర మూత తీసింది.

ఉత్సవం ఆగలేదు. ఆయనున్నన్నాళ్ళూ జరిగింది. కొత్త రాష్ట్రం వచ్చిన కొన్నాళ్ళకు ఆయన పోయారు. ఆఖరుసారి ఆసుపత్రికి తీసుకుపోతుంటే నా ఆటోలోనే వెనక్కి ఆనుకుని కూర్చున్నారు. రెండు కాళ్ళూ లోపలే. అది చూసి నాకు అర్థమైంది. దారిలో ఒక టెంటు కనిపించింది. గొడుగు కొస నా సీటుకు ఒకసారి తగిలింది. మెల్లగా పొమ్మని. మెల్లగా పోయాను.

ఇక పదో రోజు దగ్గరికి.

"ఎందుకు నవ్వావు నాయనా?" అని అడిగింది సెక్రటరీ గారి భార్య.

నాకు తిప్పి చెప్పడం రాదు. "అమ్మా, సార్ ఏనాడు గా కుర్చీల కూసోలే. ఏ కుర్చీల కూసోలే. మీకు తెల్వదా?"

కొత్త సెక్రటరీ కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. కూతురు తల దించుకుంది. నాకు అప్పుడనిపించింది, మాట మింగితే పోయేదని.

"తెలీకేం?" అందామె. అని కొత్త సెక్రటరీ వైపు తిరిగింది. "ఏ వరస అన్నావు బాబూ?"

అతను నా వైపు ఒకసారి చూసి, "మూడోదమ్మా" అన్నాడు.

"ఆయన పేరున ఒక సాయంత్రం పెట్టుకోండి. ఖర్చు మా అమ్మాయి ఇస్తుంది. ఐదు రోజులూ నేనొస్తాను. ఇన్నేళ్ళు ఆ గదిలో కూర్చుంటే నాకు చప్పట్లు తప్ప ఏమీ వినపడలేదు."

"ఆడ విద్యానగర్ అమ్మ కూసుంటది" అన్నాను నేను.

"పక్కన ఇంకో కుర్చీ ఉంటుందిగా."

కొత్త సెక్రటరీ సంతోషపడ్డాడు. ఒక సాయంత్రం కుదిరింది కదా. ఆ సంతోషంలోనే ఏదో తట్టి మొహం వాడిపోయింది. "మరి కళాకారులకి ఇడ్లీలూ, కాఫీలూ..."

"హోటలు నుంచి తెప్పించండి."

"దానికి ఎక్కణ్ణుంచి తెమ్మంటారమ్మా?"

ఆమె ఫోటో వైపు చూసింది. తర్వాత నన్ను చూపించింది. "ఇతన్ని అడుగు. ఎక్కడెక్కడ ఏముందో ఇతనికి తెలుసు."

అందరూ నా వైపు తిరిగారు. పొద్దున వస్తూ చూసింది చెప్పాను. "హైదర్‌గూడల ఒక టెంటు ఏసిన్రు."

"కుర్చీలకి తొడుగులున్నాయా?"

అడిగింది కొత్త సెక్రటరీ కాదు. ఆమె.